వేడర్ అమ్మ ఎవరి సొత్తు?

స్టార్ వార్స్ సిరీస్‌లో ‘రివెంజ్ ఆఫ్ ద సిత్’ వచ్చి 2025 మే నెలకి 20 ఏళ్లు నిండాయి. ఇప్పటి కుర్రాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు. మూడు ప్రీక్వెల్స్‌లో అదే గొప్పదంటున్నారు. మూడింట్లో మెరుగైనదే, కాదనను. మిగతా రెండూ అంత నీరసంగా ఉన్నాయి మరి. కానీ 2005లో ఆ సినిమా చూసి బయటికొచ్చినప్పుడు నాకు పట్టిన దిగులు ఇప్పటికీ వదల్లేదు. గ్రాఫిక్స్ బాగాలేవనో, డైలాగులు చెక్కముక్కల్లా ఉన్నాయనో కాదు. అవి ఎన్నిసార్లయినా క్షమిస్తాను.

ఈ సిరీస్ చూడని మిత్రుల కోసం రెండు ముక్కలు. 1977లో జార్జ్ లూకాస్ మొదటి సినిమా తీశాడు. అందులో నల్లటి ముసుగు, బరువైన ఊపిరి ఉన్న విలన్ డార్త్ వేడర్. 1980లో, 1983లో ఇంకో రెండు వచ్చాయి. ఆ తర్వాత 1999 నుంచి 2005 దాకా లూకాస్ మూడు సినిమాల్లో కథని వెనక్కి తీసుకెళ్లి, ఆ విలన్ చిన్నప్పుడు ఎవరు, ఎలా అలా తయారయ్యాడో చెప్పాడు. ‘రివెంజ్ ఆఫ్ ద సిత్’ ఆ మూడింట్లో చివరిది. వేడర్ ముసుగు తొడుక్కునేది అందులోనే.

మేము పాత సినిమాలు చూసింది సాంఘిక సంక్షేమ హాస్టల్లో, అద్దెకు తెచ్చిన వీసీడీల్లో. ఇంగ్లీషు ముక్క అర్థమయ్యేది కాదు. ఒక్క సంగతి మాత్రం భాష లేకుండానే అర్థమైంది. పొలం పనులు చేసుకునే కుర్రాడు ఒక శక్తిని నేర్చుకుంటాడు. దాని పేరు ఫోర్స్. అది చెట్టులో, రాయిలో, మనిషిలో అన్నిట్లో ఉంటుంది. మధ్యలో పూజారి లేడు, గోత్రం అడిగేవాడు లేడు. బురదగుంటలో బతికే రెండడుగుల ముసలి యోడా దాన్ని నేర్పుతాడు. ఇంకేం కావాలి మాకు?

1999లో లూకాస్ ఆ ఫోర్స్‌కి రక్తపరీక్ష పెట్టాడు. రక్తకణాల్లో మిడిక్లోరియన్లు అనేవి ఉంటాయట, అవి ఎక్కువున్నవాడికి ఫోర్స్ ఎక్కువట. అనకిన్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి 20,000 పైనే. యోడాకి కూడా అంత లేదు. అంటే పుట్టుకతోనే లెక్క తేలిపోయింది. న్యాయంగా చెప్పాలంటే ఈ జబ్బు పాత సినిమాల్లోనే మొదలైంది. వేడర్ కొడుకు కాబట్టే ల్యూక్, ల్యూక్ చెల్లెలు కాబట్టే లేయా. అప్పుడది కుటుంబ కథలా అనిపించింది. రక్తంలో అంకె చూపించేసరికి అసలు రూపం బయటపడింది.

అయినా ఆ పిల్లాడి మీద నాకు ఆశ పోలేదు. ఎందుకంటే వాడు బానిస. టాటూయిన్ అనే ఎడారి గ్రహంలో వాణ్ణీ వాళ్లమ్మ షిమీనీ ఒక యజమాని పందెంలో ఓడిపోతే వాటో అనేవాడు గెలుచుకున్నాడు. పారిపోతే పేలిపోయేలా ఒంట్లో యంత్రం పెట్టారు. అక్కడికొచ్చిన జెడై గురువు క్వై-గాన్, బానిసల్ని విడిపించడానికి తాను రాలేదని వాళ్ల ముందే చెప్తాడు. చివరికి వాడు కూడా పందెం కాసే పిల్లాణ్ణి గెలుచుకుంటాడు. పిల్లాణ్ణి మాత్రమే. తల్లి అక్కడే ఉండిపోతుంది.

మాలో చదువుకుని బయటపడ్డ ప్రతివాడి వెనకా ఒక షిమీ ఉంటుంది. మా తాత ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నాడు. మా నాన్నకి ఆ జీతం తప్పింది, నాకు కాలేజీ దొరికింది. మా మేనత్త మాత్రం చచ్చేదాకా ఆ చేలల్లోనే కలుపు తీసింది. ఒక్కణ్ణి ఎంచి పైకి లాగి, మిగతావాళ్లని అక్కడే ఉంచి, ఇక వెనక్కి చూడకు అనే వ్యవస్థ ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. జెడై మండలి చేసింది అదే. తల్లి గుర్తొస్తోందని, భయంగా ఉందని ఆ పసివాడు ఒప్పుకుంటే అది వాడి లోపం అన్నారు. జెడైగా తిరిగొచ్చి బానిసలందర్నీ విడిపించినట్టు కల కన్నానని వాడు క్వై-గాన్‌కి చెప్పాడు కూడా. పదేళ్లపాటు ఒక్క జెడై ఆ తల్లి మొహం చూడలేదు. 2002 నాటి రెండో సినిమాలో ఆమెను విడిపించి పెళ్లి చేసుకున్నది ఒక మామూలు రైతు. ఆ తర్వాత ఆమెను ఎత్తుకుపోతారు, కొడుకు చేతుల్లో చచ్చిపోతుంది. వాడు ఆ గుడారాల్లో ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా నరికేస్తాడు.

మూడో సినిమాకి నేను ఇదంతా మోసుకుని వెళ్లాను. బానిసగా పుట్టినవాడు ఇంకొకడి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఎందుకు మాస్టర్ అంటాడు? సినిమా చెప్పాల్సింది ఇదొక్కటే. ఇంగ్లీషులో గురువుకీ బానిస యజమానికీ అదే మాట. తెలుగులో మాస్టారు వేరు, దొర వేరు. ఇలాంటి మాట చేతిలో ఉన్న రచయిత ఎంత చెయ్యొచ్చు! మండలిలో అనకిన్‌ని కూర్చోబెట్టి మాస్టర్ హోదా మాత్రం ఇవ్వని సీను కూడా ఉంది. సీటు ఇస్తారు, పేరు ఇవ్వరు. యూనివర్సిటీల్లో మనవాళ్లకి తెలిసిన సీనే. అక్కడ వాడికి కోపం వస్తుంది. కానీ ఆ కోపంలో టాటూయిన్ లేదు. పదోన్నతి రాని ఉద్యోగి కోపం అది.

అదే 1977లో మనకి ‘దాన వీర శూర కర్ణ’ వచ్చింది. ఎన్టీఆర్ పౌరాణికాలతో నాకు వంద తగాదాలున్నాయి, అది వేరే భాగంలో రాస్తాను. కానీ కర్ణుడు దుర్యోధనుడి పక్షాన ఎందుకు నిలబడ్డాడో ఆ సినిమా చూసిన ఏ ముసలమ్మనడిగినా చెప్తుంది. విలువిద్య ప్రదర్శనలో కులం అడిగారు, సుయోధనుడు ఆ అడగడాన్నే నిలదీసి అంగరాజ్యం ఇచ్చాడు. ఒక్క సీను, అంతే. కర్ణుడు చివరికి కుంతి కొడుకే అని తేల్చడం మళ్లీ రక్తం పాటే అనుకోండి, కానీ అవమానం దగ్గర కథ తడబడలేదు.

లూకాస్ ఏం చేశాడు? భార్య పద్మే చనిపోతుందని కలలొస్తాయి, ఆమెను బతికించే విద్య నేర్పుతానని పాల్పటీన్ ఆశపెడతాడు, వీడు లొంగిపోతాడు. తల్లి ప్రస్తావన వస్తుంది, కాదనను, కలల సందర్భంలో. తల్లి పోవడం గుర్తుంది, తల్లి ఒకరి సొత్తుగా బతకడం గుర్తులేదు. పాల్పటీన్ లాంటి జిత్తులమారి ఆ పుండు మీద వేలు పెట్టకుండా వదిలేస్తాడా? వాళ్లు నీ తల్లిని అమ్మకానికి వదిలేశారు అని ఒక్క మాట చాలు. ఆ మాట రాయడానికి లూకాస్‌కి మనసొప్పలేదు. రాస్తే జెడైలు మంచివాళ్లుగా మిగలరు కదా.

సినిమాలో బాగున్నవి లేవని కాదు. సెనేట్ చప్పట్లు కొడుతుండగా గణతంత్రం సామ్రాజ్యంగా మారిపోయే సీను ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఈ చప్పట్ల గురించే. సూర్యాస్తమయం వేళ మాటల్లేకుండా ఇద్దరూ చెరో మేడ మీద నుంచి ఒకరివైపు ఒకరు చూసుకునే సీను కూడా నాకిష్టం. డైలాగు లేదు కాబట్టి బతికిపోయింది. పద్మే చావు మాత్రం దారుణం. ఒంట్లో ఏ రోగమూ లేదు, బతకాలన్న ఇష్టం పోయిందంటుంది వైద్యం చేసే యంత్రం. సెనేట్‌లో నిలబడి కొట్లాడిన మనిషికి, ఇద్దరు పసికందుల్ని కన్న తల్లికి రాయాల్సిన చావేనా అది? షిమీ కొడుకు చేతుల్లో, పద్మే కాన్పు బల్ల మీద. ఆడవాళ్లు చస్తేగాని ఈ కథ ముందుకు నడవదు.

ఇక్కడ కూడా కులమేనా సార్, కత్తుల సినిమా చూసి ఈల వేసుకోవచ్చు కదా అనేవాళ్లుంటారు. ఈల కూడా వేశాను. ముస్తఫార్ నిప్పుల ఏరు మీద కత్తియుద్ధానికి నా ఈలే అందరికంటే పెద్దది.

ఆ యుద్ధం అయ్యాక, సినిమా చివర్లో, చిన్న సీను ఒకటుంది. సీ-త్రీపీఓ అనే బంగారు రంగు మరమనిషి తెలుసు కదా. దాన్ని తయారుచేసింది బానిసగా ఉన్నప్పుడు అనకినే, అమ్మకి పనిలో సాయంగా ఉంటుందని. అది షిమీ దగ్గరే ఏళ్ల తరబడి ఉంది. ఇప్పుడు దాని జ్ఞాపకాలన్నీ తుడిచెయ్యమని బెయిల్ ఆర్గానా ఆజ్ఞ ఇస్తాడు. మంచివాళ్ల వైపు మనిషే. అది అయ్యో అంటుంది. నేను చూసిన షోలో హాలంతా నవ్వింది.