కొల్లేట్లో మా అమ్మాయి ఉద్యోగం

"మీ అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని ఎవరైనా అడిగితే నాకు గొంతులో వెలక్కాయ పడేది. "కొల్లేట్లో నీళ్ళు పడుతోంది" అంటే నవ్వరూ మరి? ఎమ్మెస్సీ జువాలజీ చదివి, ఒక ప్రాజెక్టులో రీసెర్చి అసిస్టెంటుగా చేరింది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే ఉద్యోగం. జీతమైనా నెలనెలా రాదు. ఇంతలో మంచి సంబంధం ఒకటి వచ్చింది. వాళ్ళు మొదట అడిగిన మాట, "పర్మనెంటేనా?" అని. ఇక లాభం లేదని, మొన్న డిసెంబరులో దాన్ని వెంటబెట్టుకొచ్చేద్దామని బయల్దేరాను. తీసుకొచ్చేదానికి ఆవకాయ జాడీ ఎందుకని మావారు వెక్కిరించారనుకోండి. తల్లి చేతులు ఊరుకుంటాయా?

విజయవాడ నుంచి గుడివాడ మీదుగా భీమవరం వెళ్ళే రైలెక్కితే కైకలూరులో దిగొచ్చు. పక్షులుండే ఆటపాక అక్కడికి దగ్గరే. పిల్లల్ని తీసుకెళ్ళాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. నీళ్ళలో నిలబెట్టిన స్టాండ్ల మీద గూడబాతులు కాపురాలు పెట్టి ఉంటాయి. తల్లి గొంతు సంచీలో పిల్ల తల దూర్చి తింటుంటే, చంటిపిల్లాడు కొంగులో దూరినట్టే ఉంటుంది.

అయితే మా అమ్మాయి నన్ను తీసుకెళ్ళింది పక్షుల దగ్గరికి కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి పడవెక్కించింది. ఇంత చీకట్లో ఎందుకే అంటే, "పగలు నీళ్ళలో నాచు ఎండకి ప్రాణవాయువు తయారుచేస్తుందమ్మా. రాత్రయితే నాచూ, చేపలూ అన్నీ దాన్ని వాడుకోవడమే. తెల్లారేసరికి బాగా తగ్గిపోతుంది. అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది" అంది. నెలాఖర్న డబ్బాలు తెరిచి చూస్తే ఇంటి సంగతి తెలిసినట్టన్నమాట!

తెలుపూ నలుపూ వేసిన పళ్ళెం ఒకటి తాడు కట్టి నీళ్ళలోకి దించింది. ఎంత లోతున కనబడకుండా పోతే నీరు అంత తేట. 1865లో ఇటలీ మతాచార్యుడు సెక్కి వాడిన పద్ధతట, ఇప్పటికీ అదే. తర్వాత గాలిబుడగ మిగలకుండా సీసా నింపి రెండు మందులు వేసింది. సరస్సు నడుమ తీసిన నీళ్ళలో గోధుమరంగు మడ్డి దిగింది. మురుగుకాలవ కలిసేచోట తీసిన సీసాలో మాత్రం తెల్లగా పాలిపోయింది. ప్రాణవాయువు లేకపోతే అంతేనట.

గదికొచ్చాక దాంట్లో ఆసిడ్ పోసి, మరో మందు చుక్కచుక్కగా వేస్తూ, మధ్యలో గంజి కలిపింది. నిజమేనండీ, మన చీరలకి పెట్టే గంజి జాతిదే! నీళ్ళు ముదురు నీలమయ్యాయి. మళ్ళీ చుక్కలు. ఒక్క చుక్కతో నీలం మాయం. అక్కడ ఆపి లెక్క రాసుకుంది. ఆ చుక్క దాటితే పొద్దుటి నుంచీ పడ్డ పాటంతా వృథా. పాకం తీగ దగ్గర ఆపడం తెలిసిన మనకి ఆ కష్టం ఒకరు చెప్పాలా? దాని చున్నీ నిండా ఆసిడ్ చిల్లులే.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు వస్తే, నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. ఊళ్ళ మురుగూ, పొలాల ఎరువూ కూడా ఆ దారినే వస్తాయి. 1999లో దీన్ని అభయారణ్యం చేశారు, 2002లో రాంసర్ జాబితాలో చేరింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పడవ నడిపినాయన వాటా కూడా అప్పుడే పోయిందట. తెల్లటి సీసా చూసి, "మా ముక్కుకి ఎప్పుడో తెలిసిందండి అమ్మాయిగారూ, మీ సీసాకి ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు. అది నవ్వలేదు. "మీ ముక్కు చెబితే ఎవరూ రాసుకోరు బాబాయ్, అందుకే" అంది.

సాయంత్రం, "ఏదో చెప్పాలన్నావుగా అమ్మా" అని అదే అడిగింది. సంబంధం సంగతి చెప్పాను. కాసేపు సీసాలు కడుగుతూ ఉండిపోయి, "మార్చికి ఏడాది కొలతలు పూర్తవుతాయి. మధ్యలో ఒక్క నెల తప్పినా మిగతావి పనికిరావు" అంది.

ఒక్కదాన్నే తిరిగొచ్చాను. మార్చి దాకా ఆగమని వాళ్ళకి నేనే ఫోన్ చేశాను. ఆలోచించుకుని చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు. ఆవకాయ మాత్రం అప్పుడే సగమైందట.