నొప్పి లేని ఆదివారం

డిస్కు జారిందని ఆర్థోపెడిక్ డాక్టరు ట్రమడాల్ 50 రాశాడు. పదేళ్ళుగా కుర్చీలో కూర్చుని కోడ్ రాసేవాడికి అదేం వింత కాదు. మాత్ర వేసుకున్న గంటకి నడుం తేలికపడింది. కానీ ఆ సాయంత్రం అమ్మకి నేనే ఫోన్ చేశాను. ఎవరి పెళ్ళో, ఎవరి గృహప్రవేశమో, అన్నీ విసుక్కోకుండా విన్నాను. "ఏంట్రా, ఇవాళ హుషారుగా ఉన్నావు?" అంది.

ట్రమడాల్‌ది ద్విపాత్రాభినయం అని తర్వాత తెలిసింది. నల్లమందు జాతి మందులు అతుక్కునే గ్రాహకాలకే ఇదీ అతుక్కుంటుంది. లివర్‌లో మారాక ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పైగా డిప్రెషన్ మందుల్లా మెదడులో సెరటోనిన్, నార్ అడ్రినలిన్‌లని కాసేపు నిలబెడుతుంది. రాసింది ఒక జబ్బుకి, పనిచేసింది రెండిటికి. రెండోది ఉన్నట్టు నాకు తెలీదు అంటే అబద్ధం. దానికి పేరు పెట్టలేదు, అంతే.

డి క్విన్సీ 1804లో ముఖం నొప్పి భరించలేక లండన్‌లో నల్లమందు కొన్నాడు. 1821లో ఆ కథ రాశాడు. హాస్టల్లో ఆ పుస్తకాన్ని వాక్యాల కోసం చదివాను (అప్పట్లో అన్నీ వాక్యాల కోసమే చదివేవాణ్ణి). ఈసారి, మందు వేసుకున్నాక నొప్పి పోవడం అసలు లెక్కలోకే రాలేదని ఆయన చెప్పే చోట పుస్తకం మూసేశాను.

మూడో వారం ఒక ఆదివారం. నొప్పి లేదు. మాత్ర వేసుకున్నాను.

ట్రమడాల్ 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చింది, చీటీ లేకుండా ఇవ్వకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి నొప్పి పదికి ఏడన్నాను. నిజానికి రెండు. ఇదే చట్టం భయంతో మార్ఫిన్ అందక కేన్సర్ రోగులు విలవిల్లాడిన దేశం మనది. అలాంటిచోట నేను ఏడు అన్నాను.

మా ఆవిడ స్ట్రిప్ వెనక్కి తిప్పి లెక్కపెట్టింది. "నడుం నొప్పేనా?" అంది. ఇంకేం అడగలేదు.

సైకియాట్రిస్టుకి మాత్రం నిజం చెప్పాను. రెండు మందులూ కలిస్తే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగొచ్చనీ, ఫిట్స్ కూడా రావచ్చనీ, ముందు ట్రమడాల్ మెల్లగా తగ్గించారు. ఆ పది రోజులు చెమటలు, నిద్రలేమి, ఊరికే ఏడుపు. తర్వాత కొత్త మాత్ర. అది గంటలో పనిచెయ్యదు, వారాలు పడుతుంది. ఇప్పుడు నాలుగో వారం.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. "గొంతు అలా ఉందేంట్రా, నడుం మళ్ళీ పట్టేసిందా?"

"నడుం బానే ఉందమ్మా," అన్నాను. తను ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.