అంచు వరస ఇటుకలు

గోదావరి గట్టు పక్క ఇటుక బట్టీకి నేను వెళ్లేసరికి మంట ఆరి, సరుకు దించుతున్నారు. నడిమి వరసలు చక్కగా ఎర్రబారాయి. అడుగున మంట నేరుగా తగిలినవి నల్లబడి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అంచు వరసలవి మాత్రం పాలిపోయి ఉన్నాయి. రెండు తీసి కొట్టి చూశాను. ఖంగుమనలేదు.

"అన్నీ ఒక్కలా కాలవా మేస్త్రి గారూ?"

"అంచులు కాలేదాకా ఊక పోస్తే నడిమివి మాడిపోతాయండి. పైగా ఊక ఇదివరకటిలా ఊరికే రావట్లేదు కదండీ."

నిజమే. మిల్లుల దగ్గర కుప్పలుగా పడుండే ఊకను ఇప్పుడు బాయిలర్లు, విద్యుత్ కేంద్రాలు కొనుక్కుపోతున్నాయి. బయటి గాలికి వేడి పోగొట్టుకునే ఆ అంచుల్ని దక్కించుకోవడానికయ్యే ఖర్చు, అక్కడ చెడే ఇటుకల విలువ కన్నా ఎక్కువ. ఇందులో నిర్లక్ష్యమేమీ లేదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 5454 కూడా 10,001 నుంచి 35,000 దాకా ఉన్న లాటులో 32 ఇటుకలు తీసి చూడమంటుంది. వాటిలో 2 లోపమున్నవి తేలినా లాటును తిప్పిపంపదు. ఇక బలం తెలియాలంటే ఇటుకను యంత్రంలో పెట్టి పగలగొట్టాల్సిందే. అన్నిటినీ పరీక్షిస్తే కట్టడానికి ఒక్కటీ మిగలదు.

గోడ కూడా ఈ లెక్కకు ఒప్పుకుంటుంది. బరువును ఎన్నో ఇటుకలు పంచుకుంటాయి కాబట్టి మధ్యలో ఒకటి మెత్తనిదైనా కూలిపోదు. వంటగ్యాస్ సిలిండర్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకే ప్రతి సిలిండర్‌నూ నీటి ఒత్తిడితో పరీక్షించాకే బయటికి పంపుతారు. ఎక్కడ ఎంత తప్పు చెల్లుతుందన్నది ఖర్చుతో పాటు, తప్పు జరిగితే పోయేదేమిటన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ బట్టీలో అంచు ఇటుకల్ని వేరే కుప్ప పోసి, తక్కువ ధరకు అమ్ముతున్నారు. నాకది నచ్చింది. కొనేవాడు తెలిసే కొంటున్నాడు. వాటిని మంచివాటిలో కలిపేస్తే, రెండు గదుల ఇల్లు కట్టుకునేవాడు ఏ ప్రయోగశాలకు పోతాడు?

నాకు నచ్చనిది కోత దగ్గర కనిపించింది. ఒడిశా బొలంగీర్ నుంచి వచ్చిన దంపతులు బురద తొక్కి ఇటుక కోస్తున్నారు. కూలి వెయ్యి ఇటుకకు ఇంతని. ఆరకముందే వాన పడి కరిగిన పచ్చి ఇటుక మాత్రం లెక్కలోకి రాదట. మంటలో పోయే ఇటుకను ముందే ధరలో వేసుకున్న యజమాని, వానలో పోయేదాన్నీ అలాగే వేసుకోవాలి. వాళ్లు చేసిన పని చేసినట్టే కదా, ఆ కూలి వాళ్లకు ఇచ్చి తీరాలి.