చుక్కల పెట్ట

ఇంట్లో కోడికి జబ్బు చేస్తే ఏం చేయాలని మొన్న ఒక మిత్రుడు అడిగాడు. నగరంలో మేడ మీద రెండు నాటుకోళ్లను పెంచుకుంటున్నాడు. అందులో ఒకటి మేత మాని మెడ వాల్చేసిందట. నాలుగు వాక్యాల్లో జవాబు రాసి పంపుదామని కూర్చున్నవాణ్ణి, రాస్తూ రాస్తూ దౌల్తాబాదులో మా అవ్వ ఇంటికి వెళ్లిపోయాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి అక్కడుంది.

అప్పుడు నాకు పదేళ్లు. మా మండలం ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది 2016లో. కందికోతలు ముగిసి, ఎండ ముదిరి, వాకిట్లో పరిచిన నాపబండలు మధ్యాహ్నానికి పెనంలా కాలుతున్న రోజులు. అవ్వకు ఆరు కోళ్లుండేవి. వాటిలో తెల్లచుక్కల పెట్ట ఒకటి నాది. నాదని ఎవరూ ఇవ్వలేదు, నేనే అనుకున్నాను.

ఒక ఉదయం గంప ఎత్తితే అన్నీ బయటికి ఉరికాయి, అది తప్ప. రెక్కలు వేలాడేసుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచి గురగురమని ఊపిరి తీస్తోంది. కింద పచ్చని నీళ్ల రెట్ట.

“కొక్కెర తాకింది. కోసేస్తే ఇయ్యాల కూరన్న అయితది” అన్నాడు మామ.

“నా చేతిల నూకలు తిన్నది. దాని గొంతుకు కత్తి పెట్టనియ్య” అంది అవ్వ. ఆ మాటతో మామ బయటికి నడిచాడు.

ఇక వైద్యం మొదలైంది. ఉల్లిగడ్డ, మిరియాలు నూరి ఉండ చేసి పెట్టింది అవ్వ. చల్లలో పసుపు కలిపి పట్టింది. పక్కింటివారు ఎవరో చెబితే పశువులకు వేసే మాత్ర సగం ముక్క కూడా పొడి చేసి వేసింది. వీటిలో ఏదీ ఆ రోగాన్ని తగ్గించదని నాకు ఇప్పుడు తెలుసు. అది వైరస్ జబ్బు. సోకిన తర్వాత మందు లేదు. అయితే అవ్వ చేసిన పనులు కొన్ని ఈనాటికీ సరైనవే. పెట్టను మిగతావాటి నుంచి విడదీసి, వంటింటి మూల నీడలో గోనెపట్టా మీద పడుకోబెట్టింది. పల్చటి జొన్న గటకను ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా జార్చేది. “నడిమిట్ల పొయ్యకు బిడ్డా, ఊపిరి గొట్టంలకు పోతది” అని నా చేయి పట్టుకుని నేర్పింది. కోడి నాలుక మొదట్లోనే ఊపిరి దారి ఉంటుందని పుస్తకంలో చదివింది చాలా ఏళ్ల తర్వాత.

చల్ల మా ఇంట్లో ఉండేది కాదు. ఎదురింటి చిన్నమ్మ ఇచ్చేది. పెట్టకు పట్టడం, చేతులు లాగుకు తుడుచుకోవడం, ముంత పట్టుకుని వాళ్లింటికి పరుగెత్తడం, ఇదీ నా పని. చిన్నమ్మ ముంత నింపేలోగా నేను వాళ్ల కోళ్లకు నూకలు చల్లేవాణ్ణి, ఆ పిల్లలను చేతుల్లోకి తీసుకునేవాణ్ణి. తొమ్మిది కోళ్లు ఆమెవి. గుడ్లమ్మిన డబ్బుతోనే ఉప్పూ చింతపండూ వచ్చేవి ఆ ఇంటికి.

వారం తిరిగేసరికి మా పెట్ట లేచి నిలబడింది. మెడ మాత్రం ఒక పక్కకు మెలితిరిగి అలాగే ఉండిపోయింది. ఆ వారంలోనే చిన్నమ్మ కోళ్లలో ఏడు చచ్చిపోయాయి.

ఆ వైరస్ చేతుల మీద, కాళ్ల మీద, గిన్నెల మీద ప్రయాణిస్తుంది. ఊళ్లో కోళ్లన్నీ ఒకే పెంటకుప్పను గీకేవి కాబట్టి రోగం ఎటునుంచి ఎటు పోయిందో ఎవరూ నిర్ధారించలేరు. ఈ వాదన నాకు బాగా వచ్చు, ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ లాగూ ఆ ముంతా కూడా గుర్తొస్తాయి.

పుస్తకాల్లో దీని పేరు రాణిఖేత్ వ్యాధి. ఇంగ్లండులో 1926లో గుర్తించారు గనుక అక్కడ న్యూకాజిల్ అంటారు. మన దేశంలో కుమావూఁ కొండల్లోని ఒక అందమైన ఊరికి ఈ అపకీర్తి అంటుకుంది. విచిత్రమేమంటే, 1940ల్లో టీకా రకం తయారైందీ ఆ కొండల్లోని ముక్తేశ్వర్‌లోనే. ఆ టీకా చిన్న సీసాలో వంద కోళ్లకో అంతకన్నా ఎక్కువకో సరిపోయేలా వస్తుంది. చల్లగా ఉంచాలి, కలిపాక గంటల్లోనే వాడేయాలి. ఆరు కోళ్ల ఇల్లు ఒక్కటీ ఆ సీసాను ఏం చేసుకుంటుంది? వాడంతా కలిస్తేనే పని.

మిత్రుడికి రాసింది ఇంతే: దాన్ని వేరుగా ఉంచు, నీళ్లు పట్టు, పశువైద్యుణ్ణి పిలువు, రెండోదాన్ని తాకేముందు చేతులు సబ్బుతో కడుక్కో, చెప్పులు మార్చు. చనిపోతే లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చు.

మరుసటి ఏడు మా వాడలో టీకాలు వేశారు. కోళ్లను ఇంకా వదలని వేళ, తెల్లవారుజామున, కందికట్టె గంపలు వరుసగా బోర్లించి అందరూ చావడి ముందు కూర్చున్నారు. చిన్నమ్మ మిగిలిన రెంటినీ చంకన పెట్టుకుని అందరికన్నా ముందే వచ్చింది. సూది వేసేటప్పుడు రెక్కలు పట్టుకోమని నన్నే పిలిచింది. పని అయిపోయాక, “అవ్వకు చల్ల కావాల్నేమో అడుగు కొడుకా, ముంత పట్కరా” అంది.