మా మేడ మీద మగధీరలు

మా అమ్మ చేతికి వాచీ పెట్టుకోదు. గోడ గడియారంలో బ్యాటరీ అయిపోయి నెల దాటినా పట్టించుకోదు. పొద్దున్నే మేడ మీద వడియాల బట్ట పరుస్తుంటే నెత్తి మీదుగా మొదటి విమానం గుర్రుమని పోతుంది. వెంటనే మెట్ల మీంచి కేక... "ఏమే, పోరిని లేపు, బస్సు టైమైతుంది!" ఆమె లెక్క మీద ఆధారపడి మా పాప స్కూలు బస్సు ఒక్కరోజూ తప్పలేదు. ఆదివారం మాత్రం ఆకాశానికి సెలవు. ఆరోజు ఇంటిల్లిపాదీ ఎనిమిదిన్నర దాకా లేవం.

దుండిగల్‌లో కాపురమంటే అంతే. చుట్టాలొస్తే మొదటిరోజు చప్పుడు వినగానే చేతిలో టీ గ్లాసుతో సహా బయటికి పరిగెడతారు. రెండోరోజు కూచున్నచోటి నుంచే తల ఎత్తుతారు. మూడోరోజు "మీకు తలనొప్పి రాదా వదినా?" అనేస్తారు. మాకు రాదు. ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ విమానం వెళ్లేదాకా ఆగి, మళ్లీ ఆ ముక్క దగ్గర్నుంచే అందుకుంటాం. అవతలివాళ్లు లైను కట్టయిందనుకుని "హలో, హలో" అంటుంటారు.

ఇక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 1967లో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971లో శిక్షణ మొదలైంది. సుమారు ఏడు వేల ఎకరాలు. ఆ తర్వాత మా ఊరి బోర్డులు చాలాసార్లు మారాయి. పంచాయతీగా ఉన్నది 2018లో మున్సిపాలిటీ అయింది. 2025 చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. జిల్లా పేరు కూడా 2016లో మారింది. నెత్తి మీది ట్రాఫిక్ మాత్రం మారలేదు. ఏటా జూన్‌లో, డిసెంబర్‌లో ఇక్కడ పాసింగ్ అవుట్ పరేడ్ జరుగుతుంది. ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులొస్తారు. మర్నాడు పేపర్లో టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న పిల్లల ఫొటో వస్తుంది.

ఆ ఫొటోయే మా ఇంట్లో గొడవకు కారణం.

మా పాప ఆరో తరగతి. మొన్న అన్నం తింటూ తింటూ, ఏదో చింతకాయ పచ్చడి అడిగినంత తేలిగ్గా, "అమ్మా, నేను పైలట్ అవుతా. ఇక్కడే చదువుతా, హాస్టల్ కూడా అక్కర్లేదు" అంది. దానికి టీచరు చెప్పిందట. 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చింది మన దుండిగల్ నుంచేనని. ఇప్పుడు ఎన్‌డీఏలోకి కూడా అమ్మాయిల్ని తీసుకుంటున్నారని, 2025లో అక్కణ్నుంచి మొదటి బ్యాచ్ అమ్మాయిలు బయటికొచ్చారని కూడా చెప్పిందట. నేను మురిసిపోయేలోపే అమ్మ చేతిలో గరిటె గిన్నెలో పడింది.

"ఆ మాట ఇంకోపారి అనకు బిడ్డా."

అమ్మకి పాతకాలపు చాదస్తం అనుకునేరు. ఆమె దగ్గర రెండు తేదీలున్నాయి. రెండూ నాకు గుర్తున్నాయిగానీ, సిగ్గుచేటుగా వేరే కారణాలకి గుర్తున్నాయి.

మొదటిది 2009 జులై 31. శుక్రవారం. తెలుగువాళ్లకి ఆ తేదీ విడిగా చెప్పక్కర్లేదు, 'మగధీర' రిలీజైన రోజు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం. అన్నయ్యని కాళ్లావేళ్లా పడి టికెట్లు తెప్పించుకున్నాను. బయట తోపులాట, లోపల ఈలలు, కాగితం ముక్కల వాన. గొంతు పోయి ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ ముందు కదలకుండా కూచునుంది. "రెండు ప్రాణాలు పోయినయ్ రా" అంది అన్నయ్యతో. మెదక్ జిల్లాలో వాయుసేన శిక్షణ విమానం కూలిపోయింది. చనిపోయిన ఇద్దరూ నేర్చుకుంటున్న కుర్రాళ్లు కాదు, నేర్పే గురువులు. నేను అయ్యో అన్నాను. అని, మర్నాడు పేపర్ రాగానే ముందు సినిమా సమీక్ష పేజీ తిప్పాను.

ఆ విమానం పేరు దీపక్. హెచ్‌పీటీ-32. మన హెచ్ఏఎల్ తయారీ, ఒకే ఇంజను, గురుశిష్యులు పక్కపక్కన కూచునే సీట్లు. విమానం నడపడంలో ఓనమాలు దిద్దించే పలక అన్నమాట. ఇబ్బంది ఏమిటంటే ఆ ఇంజను గాల్లో ఉన్నట్టుండి ఆగిపోయే జబ్బు పాతది. ఆగితే పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేసే ఏర్పాటు దానికి లేదు. దీపక్ మొత్తం సర్వీసులో 17 ప్రమాదాలు, 19 మంది మృతి. ఆ జులై 31 ప్రమాదం తర్వాత గానీ వాటిని పూర్తిగా నేల మీద కూచోబెట్టలేదు.

ఆ అంకెను మరోసారి చదవండి. నేను మటుకు ఈ వ్యాసం కోసం పాత ఫైళ్లు తిరగేసినప్పుడే మొదటిసారి చదివాను. పెరిగిందంతా ఆ విమానాల కిందే. 'మగధీర' ఎన్ని సెంటర్లలో వంద రోజులు ఆడిందో మాత్రం అప్పట్లో అడిగినవాళ్లకి టకటకా చెప్పేదాన్ని.

ఇదే మూడేళ్ల ముందు 'రంగ్ దే బసంతి' వచ్చింది. మిగ్-21 కూలి మాధవన్ పాత్ర చనిపోతుంది, స్నేహితులు తిరగబడతారు. 2006లో విడుదలకు ముందు ఆ సినిమాను అప్పటి రక్షణమంత్రి ప్రణబ్ ముఖర్జీ, త్రివిధ దళాధిపతులు కూచుని చూడాల్సి వచ్చింది. దేశమంతా మిగ్‌ల గురించి మాట్లాడింది. 2025 సెప్టెంబర్‌లో చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పినప్పుడు కూడా టీవీలన్నీ తిప్పి తిప్పి చూపించాయి. దీపక్‌కు ఆ భాగ్యం లేదు. గంటకి రెండొందల చిల్లర కిలోమీటర్లు పోయే విమానం మీద ఎవరు సినిమా తీస్తారు? ఏ హీరో ఒప్పుకుంటాడు?

సరే, తర్వాతేం జరిగింది? పలక లేకుండా బడి నడపాల్సి వచ్చింది. ఓనమాలకు కూడా కిరణ్ జెట్‌లనే వాడారు. సైకిల్ రాని పిల్లాణ్ని నేరుగా బుల్లెట్ బండి ఎక్కించినట్టు. కొత్త విమానాలకు టెండర్లు, పరీక్షలు, ఓడిన కంపెనీ అభ్యంతరాలు... చివరికి 2012 మే నెలలో స్విట్జర్లాండ్ పిలాటస్ కంపెనీతో 75 విమానాలకు ఒప్పందం కుదిరింది. 2013 మే 31న వాటిని లాంఛనంగా వాయుసేనలో చేర్చుకున్నది మా దుండిగల్‌లోనే. జులైలో పిల్లలు వాటి మీద దిద్దుకోవడం మొదలెట్టారు. నాలుగేళ్లు పట్టింది. అమ్మకి మాత్రం ఏ పేపరూ చదవకుండానే తెలిసిపోయింది. "చప్పుడు మారింది చూడు. ఇది కొత్త మోటరు" అంది మేడ మీంచి.

ఖర్చు దాదాపు 2,900 కోట్లు. అంత పెద్ద అంకె నా బుర్రకెక్కదు. అందుకని 75తో భాగించాను. ఒక్కోదానికి 39 కోట్ల దగ్గర వచ్చింది. ఎక్కడో విన్న అంకెలా ఉందే అనుకుంటే... అదే! 'మగధీర'కు నలభై కోట్ల దాకా అయిందని అప్పట్లో ఊరంతా చెప్పుకున్నారు, తెలుగులో అంత ఖర్చు పెట్టడం అదే మొదలని. అంటే మా మేడ మీద రోజూ తిరుగుతున్నవి ఒక్కోటీ ఒక్కో మగధీర! ఆ ఒప్పందంలో విమానమే కాక విడిభాగాలూ అవీ ఇవీ కలిసుంటాయి గనుక ఇది కాకి లెక్కే అనుకోండి. అయినా మా ఆయనకి చెబితే కళ్లు పెద్దవి చేశాడు.

మా ఆయన రఫేల్ నిపుణుడు. 2018, 2019లో గండిమైసమ్మ చౌరస్తా టీ కొట్టు దగ్గర సగం ఊరు రఫేల్ నిపుణులే. 36 విమానాలు, రమారమి 59 వేల కోట్లు, ఎవరి హయాంలో ఎంత ధర... చెయ్యి తిరిగిన ఆడిటర్లలా వాదించుకునేవాళ్లు. తప్పనను, ప్రజల సొమ్ము కదా, వాదించుకోవాలి. కానీ ఆ లెక్కన రెండు రఫేల్‌ల ధర పెడితే 75 శిక్షణ విమానాలూ వచ్చేసి ఇంకా చిల్లర మిగులుతుంది. రఫేల్ నడపబోయేవాడూ ముందు ఇలాంటి పలక మీద దిద్దుకోవలసినవాడే. ఆ పలక గురించి టీ కొట్టు దగ్గర ఒక్క మాట వినలేదు.

2023లోనూ అంతే. మా ఊరి పక్కనుంచే పోయే ఔటర్ రింగు రోడ్డును ఆ ఏడాది ముప్పై ఏళ్లకు లీజుకిచ్చారు, 7,380 కోట్లకి. తక్కువకిచ్చారని ఒకరు, బ్రహ్మాండమని ఒకరు, నెలల తరబడి రచ్చ. సరిగ్గా దానికి కొద్దివారాల ముందే, మార్చిలో, 70 హెచ్‌టీటీ-40 శిక్షణ విమానాలకు హెచ్ఏఎల్‌తో కేంద్రం ఒప్పందం చేసుకుంది. 6,800 కోట్లకు పైగా! ఇంచుమించు రింగు రోడ్డంత డబ్బు. మా పేపర్‌తో సహా ఎవరు ఎంత రాశారో నన్ను అడక్కండి.

అమ్మ దగ్గరున్న రెండో తేదీ కూడా ఆ ఏడాదిదే. 2023 డిసెంబర్ 4, సోమవారం. ముందురోజు ఆదివారం అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి ఎవరని అన్ని చానళ్లూ హోటల్ గేటు ముందు పడిగాపులు కాస్తున్నాయి. నేను ఆఫీసుకు బయల్దేరుతూ కూడా ఒక కన్ను టీవీ మీదే వేసి ఉన్నాను. అమ్మ మేడ దిగి వచ్చింది. "ఏందే, చప్పుడే ఆగిపోయింది?" నేను విననట్టు ఊరుకున్నాను. సోమవారం పూట ఆగదు, ఆమె గడియారం ఎప్పుడూ అట్లా ఆగలేదు. కాసేపటికి తెర అడుగున స్క్రోలింగ్ వచ్చింది. తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర శిక్షణ విమానం కూలింది. గురువూ శిష్యుడూ ఇద్దరూ పోయారు. పైన మాత్రం ఎవరి కారు హోటల్లోకి వెళ్లిందో చూపిస్తూనే ఉన్నారు.

అది పిలాటస్. దీపక్ కాదు. బయటికి విసిరే సీట్లున్న విమానం.

అందుకే అమ్మతో వాదించడం నాకు తేలిక కాలేదు. నా దగ్గర ఓ మంచి తేదీ కూడా ఉంది. 2018 నవంబర్ 28న హకీంపేట నుంచి లేచిన కిరణ్ విమానం యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలింది. పైలట్ సీటుతో సహా బయటికొచ్చి బతికి బట్టకట్టారు. ఆ సంగతి చెప్పాను. డబ్బు పెట్టాల్సిన చోట పెడితే ఇట్లా ఉంటుందమ్మా అన్నాను. అమ్మ విన్నది. "మరి రావెల్లి పిల్లగాడు?" అంది. నా దగ్గర జవాబు లేదు. 39 కోట్లు పెట్టినా గాలి గాలే, నేల నేలే. కానీ పెట్టకపోతే ఎట్లా ఉంటుందో దీపక్ పాతికేళ్లపాటు చూపించింది కదా... ఆ మాట పైకి అనలేదు.

2024 మార్చిలో అందరం కలిసి 'ఆపరేషన్ వాలెంటైన్' చూశాం. వరుణ్ తేజ్ యుద్ధవిమానం నడుపుతాడు. సినిమా పెద్దగా ఆడలేదుగానీ మా పాపకి తెగ నచ్చింది. బయటికొస్తూ అమ్మ అడిగింది: "ఈ పిల్లగాడు నేర్చుకునేటప్పుడు పక్కన ఎవరు కూసున్నరు?" సినిమాల్లో హీరో వచ్చేసరికే అన్నీ వచ్చేసి ఉంటాయమ్మా అన్నాను. "అట్లెట్ల?" అంది. నిజమే, అట్లెట్ల?

గరిటె పడిన రాత్రి తర్వాత రెండ్రోజులు ఇంట్లో ఆ ఊసు లేదు. మూడోరోజు పొద్దున బట్టలారేద్దామని మేడ మీదికి వెళ్తే అమ్మా, మనవరాలూ పిట్టగోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. పాప వేలు పెట్టి చూపిస్తోంది.

"ముందు సీట్లో నేర్చుకునేవాళ్లు, వెనక సీట్లో సార్ ఉంటారు అమ్మమ్మా."

"సారు కనబడడు కదనే ముంగట కూసుంటే?"

"మాట వినబడుతది కదా."

అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, అది చిన్నదై నర్సాపూర్ రోడ్డు వైపు కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత వడియాల బట్ట మీద రాయి సర్ది, "బస్సు టైమైంది, పా" అంది.

పాప దిగింది. అమ్మ దిగలేదు. అది తిరిగొచ్చేదాకా అక్కడే ఉంది.