బిస్కెట్టు మర్యాద

నాకు బిస్కెట్లంటే చాలా ఇష్టం. నలభై దాటిన ఆడమనిషి చెప్పుకోవాల్సిన సంగతేనా అని నవ్వకండి. అరిసెలు, సున్నుండలు, జంతికలు అన్నీ చేయడం వచ్చు. అయినా ఆదివారం కోడికూర భోజనం అయ్యాక కూడా నాకొక మేరీ బిస్కెట్టు పడాల్సిందే. "నీ తాంబూలం ఇదేనా?" అంటారు మా వారు.

తెలుగు బీఏ చదివిన అలవాటు కదా, ఆ మాట ఎక్కడిదా అని చూశాను. లాటిన్‌లో రెండుసార్లు కాల్చినది అని అర్థమట. ఆ లెక్కన అసలు బిస్కెట్టు మన రస్కే! మనవాళ్లు దానికి వేరే అర్థాలు పుట్టించారు. పొగిడితే బిస్కెట్లు వేస్తున్నాడంటాం, మోసపోతే బిస్కెట్ అయ్యాడంటాం.

ముంచడానికీ ఒక లెక్కుంది. పార్లే-జీని అలా ముంచి ఇలా తీయాలి, లేదంటే గ్లాసు అడుగుకి పోతుంది. రస్కు కాసేపు ఆగుతుంది. చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు పెట్టుకున్న ఉస్మానియా బిస్కెట్టు ఉప్పగా, తియ్యగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి ఎవరొస్తున్నా నేను చెప్పేది అదొక్కటే.

2021లో మిరపకి నల్ల తామరపురుగు పట్టింది గుర్తుందా? మా పల్నాడులో పూతంతా రాలిపోయింది. మందులకి తెచ్చిన అప్పు అలాగే ఉంది. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు కూతురికి మా ఇంట్లో పెళ్లిచూపులు. మాచర్ల నుంచి స్వీట్లు, కారాలు తెప్పిద్దామని అత్తయ్య పట్టు. డబ్బు ఎక్కడిది? "టీ, బిస్కెట్లు పెడదాం అత్తయ్యా" అన్నాను. "బిస్కెట్లు పెట్టి పిల్లని చూపిస్తామా? నలుగురూ ఏమనుకుంటారు?" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

మూడు రకాలు తెప్పించి, ఇత్తడి పళ్లెంలో పూవులా పేర్చాను. పెళ్లికొడుకు తల్లి ఒకటి తీసుకుని, అందరి ముందూ టీలో ముంచుకుని తిన్నారు. "మావీ మిరప చేలేనమ్మా. ఈ ఏడు మా ఇంటికొచ్చినా ఇంతే" అన్నారు. అత్తయ్య ముఖం అప్పుడు తేటపడింది. జాతకాలు కుదరక ఆ సంబంధం తప్పిపోయింది. కానీ ఆవిడ ఇప్పటికీ అత్తయ్యకి ఫోన్ చేస్తుంటారు.

మర్యాద పళ్లెంలో ఉండే వస్తువుని బట్టి రాదు, పెట్టే చేతిని బట్టీ అందుకునే మనసుని బట్టీ వస్తుంది. లేనినాడు అప్పు చేసి పెట్టిన లడ్డూ ఎవరికి తీపి?

ఇంకో మాట. చుట్టాలు వెళ్లాక విరిగిన ముక్కలు వంటింట్లో నిలబడి తినేది మనమే కదూ? నేను మాత్రం పళ్లెం సర్దేటప్పుడే మంచివి రెండు నా కోసం తీసి పెట్టుకుంటున్నాను. మీరూ అలా చేసి చూడండి.