ఒడిలో పిల్ల, సంచిలో పూతరేకులు

ఏలూరు, ఆదివారం రాత్రి

అక్కా,

నీ కూతురూ మనవలూ తాడేపల్లిగూడెం నుంచి క్షేమంగా చేరారు. నువ్వు కట్టిచ్చిన పూతరేకుల పెట్టెలు పన్నెండూ చెక్కుచెదరలేదు. ఎండుకొబ్బరి పొట్లాన్ని మాత్రం నీ తమ్ముడు ఇక్కడే ఆపేశాడు. అందులో నూనె ఎక్కువ, తేలిగ్గా అంటుకుంటుందని 2022లో దాన్ని విమాన సామానులో నిషిద్ధ వస్తువుల జాబితాలో చేర్చారు. విమానంలో చంటిపిల్ల ఏడిస్తే ఏం చేయాలో ఎవరూ రాసిపెట్టలేదు గానీ, కొబ్బరి చిప్పకు మాత్రం చట్టం ఉంది.

సాయంత్రం అందరూ ఆటపాక వెళ్ళారు. చూసినంత మేరా గూడబాతులే. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షి ప్రేమికుడు కొల్లేటి దగ్గర వీటి కాలనీని గుర్తించాడు. 1975 ప్రాంతానికి అది ఖాళీ అయింది. ఇప్పుడు ఆటపాకలో అటవీ శాఖ నీళ్ళలో పాతిన స్టాండ్ల మీద, చెట్ల మీద మళ్ళీ కాపురాలు పెట్టాయి. పెద్ద గూడబాతు దాదాపు నోరు విప్పదు, గోలంతా పిల్లలది. తల్లి గొంతుసంచిలో తల దూర్చి తింటాయి, తల బయటికి తీయగానే మళ్ళీ మొదలు. పక్క గూటివాళ్ళు మెడ తిప్పి కూడా చూడరు.

"మాకు విమానంలో వీటి పక్కన సీటిస్తే బాగుండు మావయ్యా," అంది నీ కూతురు.

ఆ పిల్ల బెంగంతా అదే. ముందే డాలస్ వెళ్ళిపోయిన అల్లుడు, క్రెడిట్ కార్డు పాయింట్లు కూడబెట్టి ముగ్గురికీ బిజినెస్ క్లాసు తీశాడు. చంటిది తల్లి ఒళ్ళో, నాలుగేళ్ళ వాడు మేనతాత, అదే నీ తమ్ముడి పక్కన. కాళ్ళు చాపుకోవచ్చన్న సంతోషం ఒక పూటే నిలిచింది. ఆ తర్వాత నుంచీ, లక్షలు పోసి నిద్ర కొనుక్కున్నవాళ్ళ మధ్య ఇద్దరు పిల్లలతో ఎలా కూర్చోవాలా అన్న ఆలోచనే. "రెండు చుక్కలు దగ్గు మందు పోస్తే గమ్యం దాకా లేవదు," అని పక్కింటి పిన్నిగారు సలహా ఇచ్చిందట. ఇక్కడి పిల్లల డాక్టరుగారు వింటూనే చెయ్యి అడ్డం ఊపారు. ఆ మందులు కొందరు పసిపిల్లల్లో ఎదురు తిరుగుతాయి, నిద్ర సంగతటుంచి రెట్టింపు హుషారు పుట్టిస్తాయి, పైగా మోతాదు ప్రమాదం. సీసా ఇంట్లోనే ఉండిపోయింది.

మీ ఊళ్ళో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉండి ఏం లాభం అక్కా? విమానం ఎక్కాలంటే గన్నవరమో శంషాబాదో ఇంకెక్కడికో పోవాల్సిందే. రేపు సికింద్రాబాద్ దాకా వందే భారత్.

శంషాబాద్, సోమవారం రాత్రి

అక్కా,

2023 సంక్రాంతి నాడు మొదలైన ఆ రైలు ఇప్పుడు ఏలూరులోనూ ఆగుతోంది కనుక విజయవాడ దాకా పరుగు తప్పింది. ఎగ్జిక్యూటివ్ పెట్టెలో 52 సీట్లు, అటు రెండు, ఇటు రెండు. సీటు గిర్రున తిరుగుతుందని నీ మనవడు ఖమ్మం రాకముందే కనిపెట్టేశాడు. ఎదురుగా లాప్‌టాప్ పెట్టుకున్న ఆయన మొదటిసారి నవ్వాడు. రెండోసారి కళ్ళజోడు సవరించుకున్నాడు. మూడోసారికి నీ కూతురు వాణ్ణి కిటికీ వైపు తిప్పి, "స్టేషన్ వచ్చినప్పుడు ఒక్కసారి" అని ఒప్పందం రాయించుకుంది. వాడు సికింద్రాబాద్ దాకా ప్రతి స్టేషనుకూ ఎదురు చూశాడు, ఒక్కటీ వదల్లేదు.

ఖరీదైన పెట్టెలో పిల్లల గొడవ విమానంతోనే పుట్టలేదని నీ తమ్ముడికి అక్కడే అర్థమైంది. రైల్లో ఐదేళ్ళ లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, సీటూ ఉండదు. నీ కూతురు వాడికి పూర్తి చార్జీ పెట్టి సీటు కొంది. ముందు వరసలో ఇంకో కుటుంబం కొనలేదు. వాళ్ళ అబ్బాయి దారి పొడవునా నడవాలో నిలబడి, వచ్చేపోయే టీ బండికి అడ్డం పడుతూ, అందరి చేతా తిట్లు తిన్నాడు. తప్పెవరిది? పిల్లాడిది కాదు. డబ్బు మిగిలిన చోట మర్యాద కరువవడం మన కళ్ళ ముందు జరిగింది.

విమానం లెక్క వేరు. రెండేళ్ళు నిండని బిడ్డ ఒళ్ళో వెళ్ళొచ్చు, అంతర్జాతీయ ప్రయాణంలో సాధారణంగా పెద్దల చార్జీలో పదో వంతు కడితే చాలు. బిజినెస్ టికెట్లో పదో వంతంటే మాత్రం గన్నవరం నుంచి ఢిల్లీ వెళ్ళి రావచ్చు.

భద్రతా తనిఖీ దగ్గర నీ కూతురు పాల సీసాలు తీసి వణుకుతూ నిలబడింది. ద్రవాలకు వంద మిల్లీలీటర్ల హద్దు పసిపిల్లల పాలకూ ఆహారానికీ వర్తించదు, ప్రయాణానికి సరిపడా ఉండొచ్చు. అడిగితే చూపించాలి, అంతే.

లాంజ్‌లో ఒక చిత్రం. నీ మనవలిద్దరూ బొమ్మల పుస్తకంతో మూలన కూర్చున్నారు. పక్క సోఫాలో పెద్దమనిషి ఫోన్‌లో స్పీకరు పెట్టి, స్థలం రిజిస్ట్రేషన్ గురించి లాంజ్ అంతటికీ వినిపించాడు. సర్వే నంబరు కూడా నోటికొచ్చేసింది నీ తమ్ముడికి. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. చంటిది ఒక్కసారి కెవ్వుమనగానే ఆరు తలలు తిరిగాయి, అందులో ఆయనదీ ఒకటి.

గల్ఫ్ విమానాశ్రయం, మంగళవారం తెల్లవారుజాము

అక్కా,

మొదటి విమానం నాలుగు గంటలది. ఏ కంపెనీదో పేరు వద్దులే.

బిజినెస్ క్లాసు గురించి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. ఆ సీట్లు పెద్దవాడు ఒంటరిగా నిద్రపోవడానికి కట్టిన గూళ్ళు. చాలా విమానాల్లో వరసకు నాలుగే సీట్లు: కిటికీ దగ్గర ఒకటి, మధ్యలో రెండు, అటు కిటికీ దగ్గర ఇంకొకటి. కిటికీ సీటు తీసుకుంటే తల్లి ఒక డబ్బాలో, నాలుగేళ్ళ వాడు ఇంకో డబ్బాలో. పిల్లలున్న వాళ్ళకు మధ్య జంటే గతి, అక్కడా నడుమ ఒక గోడ. కొన్నింట్లో అది కిందికి దిగుతుంది. ఇక్కడ సగమే దిగింది. ఆ సగం మీదుగా నీ తమ్ముడు మనవడి షూ లేసు కట్టాడు.

తొట్టి కోసం ముందు గోడ సీటు అడిగి పెట్టుకున్నారు కదా. చాలా కంపెనీల్లో ఆ తొట్టి పది, పదకొండు కిలోల దాకానే మోస్తుంది. నువ్వు సంక్రాంతి నెలంతా ముద్దపప్పూ నెయ్యీ పెట్టి పెంచిన మనవరాలు పదకొండున్నర తూగింది. తొట్టి గోడకే ఉండిపోయింది. అది దక్కినవాళ్ళకైనా విమానం కుదుపుల్లో పడితే బిడ్డను లేపి ఒళ్ళోకి తీసుకోవాల్సిందే.

ఏడుపు దిగేటప్పుడు వచ్చింది. పసిపిల్లల చెవి లోపలి గొట్టం సన్నగా ఉంటుంది, కిందికి దిగుతున్నకొద్దీ పెరిగే గాలి ఒత్తిడి చెవిపొర మీద పడుతుంది. పెద్దలు గుటక వేసి సర్దుకుంటారు. పసిదానికి ఏడుపే గుటక. ఏదో ఒకటి చప్పరించేలా చూడటమే మందు, అందుకే విమానం దిగడం మొదలవకముందే పాలు సిద్ధంగా ఉండాలి. నీ కూతురు పాలన్నీ ఎక్కేటప్పుడే పట్టేసింది. ఇరవై నిమిషాలు కేబిన్ దద్దరిల్లింది. నల్ల కోటు వేసుకున్న ఒకాయన గంట నొక్కి పరిచారికను పిలిచి, "ఈ క్లాసులో పిల్లల్ని ఎలా రానిచ్చారు?" అని అడిగాడు. ఆ అమ్మాయి ఆయనకు చెవుల్లో పెట్టుకునే దూది బిళ్ళలు ఇచ్చి, ఇటొచ్చి చంటిదానికి చెంచా ఇచ్చింది. చప్పరించడానికి. ఏడుపు సగానికి తగ్గింది.

ఆయన ప్రశ్న కొత్తదేం కాదు. 2011లో మలేషియా ఎయిర్‌లైన్స్ తన 747ల ఫస్ట్ క్లాసులో పసిపిల్లలకు చోటు లేదంది. ఎయిర్ ఏషియా ఎక్స్ 2013లో ముందు వరసలను నిశ్శబ్ద ప్రాంతం చేసింది. మన ఇండిగో 2016లో 1 నుంచి 4, 11 నుంచి 14 వరసల్లో పన్నెండేళ్ళ లోపు వాళ్ళకు సీటు ఇవ్వబోమంది. జపాన్ ఎయిర్‌లైన్స్ 2019లో ఇంకో దారి పట్టింది: సీట్ల పటంలో రెండేళ్ళ లోపు బిడ్డ కూర్చునే చోట చిన్న బొమ్మ వేసింది. ఇష్టం లేనివాళ్ళు దూరంగా తీసుకోవచ్చు. నెదర్లాండ్స్ నుంచి కరీబియన్ దీవి కురసావోకు ఎగిరే విమానంలో కొరెండాన్ 2023లో 102 సీట్లను పదహారేళ్ళు నిండినవాళ్ళకే కేటాయించి, అదనపు సొమ్ము తీసుకుంది.

ఇటువైపు కథలూ ఉన్నాయి. ఎతిహాద్ 2013లో పిల్లల్ని ఆడించే ఆయాలను విమానమెక్కించింది, వాళ్ళకు ఇంగ్లండ్‌లోని నార్లాండ్ కాలేజీలో శిక్షణ ఇప్పించింది. 2016లో మాతృదినోత్సవం సందర్భంగా జెట్‌బ్లూ ఒక ప్రత్యేక విమానం నడిపి, బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ప్రయాణికులందరికీ తర్వాతి టికెట్‌పై పాతిక శాతం తగ్గిస్తామంది. నాలుగు ఏడుపులకు టికెట్ ఉచితం. జనం ఏడుపు కోసం చప్పట్లు కొట్టారు. ప్రచారమే, అయినా నీ తమ్ముడికి అన్నిట్లోకీ అదే నచ్చింది.

ఇంతకీ నల్ల కోటాయనది తప్పా? పూర్తిగా కాదు. ఆయనకు ఆ సీటును నిద్ర పేరు చెప్పి అమ్మారు. నీ కూతురికి అదే సీటును తొట్టి ఉందని చెప్పి అమ్మారు. ఒకే పెళ్ళిలో రెండు బ్యాండ్లకు బయానా ఇచ్చినట్టుంది. కంపెనీ డబ్బు రెండు చేతులా తీసుకుని, తగువు మాత్రం ప్రయాణికులకు వదిలేసింది. జపాన్ వాళ్ళ బొమ్మ పద్ధతికి పెద్ద ఖర్చేమీ లేదు. అందరూ ఎందుకు పెట్టరో!

ఇర్వింగ్, టెక్సాస్, బుధవారం

అక్కా,

చేరారు. అల్లుడు విమానాశ్రయానికి వచ్చాడు, ఇల్లు వెచ్చగా ఉంది, పిల్లలు పగలనక రాత్రనక పడుకుంటున్నారు.

రెండో విమానం పదహారు గంటలు. నీ కూతురు మొదటి దాని నుంచి పాఠం నేర్చుకుంది. పిల్లలతో అందరికన్నా ముందు ఎక్కే వీలున్నా వాడుకోలేదు. ముందు నీ తమ్ముడు వెళ్ళి సామాను సర్దాడు, పిల్లలు చివర దాకా బయట పరుగెత్తి అలిసిపోయి ఎక్కారు. నాలుగేళ్ళ వాడు చూసే ఫోనుకు పిల్లల సైజు హెడ్‌ఫోన్లు. ముందు సీటు వీపుకు వాడి కాలు తగలకుండా మేనతాత చెయ్యి కాపలా. చంటిది మారాం మొదలుపెట్టగానే ఎత్తుకుని వంటగది తెర వెనక్కి. పాలు ఈసారి దిగేటప్పటికి దాచింది. ఇంత చేసినా అట్లాంటిక్ మీద ఎక్కడో అరగంట ఏడ్చింది. ఎందుకో ఎవరికీ తెలియలేదు, దానికీ తెలిసి ఉండదు.

పూతరేకుల సంగతి. 2019లో సియోల్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తూ ఒక కొరియా తల్లి, నాలుగు నెలల బిడ్డ ఏడుస్తాడేమోనని ముందే క్షమాపణ రాసి, రెండు వందలకు పైగా సంచుల్లో మిఠాయి, చెవి బిళ్ళలు పంచింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. నీ పన్నెండు పెట్టెల ఆలోచన కూడా అలాంటిదే. కానీ నీ కూతురు ఎక్కగానే పంచడానికి ఒప్పుకోలేదు. "ఇంకా ఏమీ కాలేదుగా మావయ్యా, బిడ్డను కన్నందుకు లంచం ఇవ్వాలా?" అంది. నీ తమ్ముడికి ఆ మాట తప్పనిపించలేదు. ఏడుపు అయ్యాక, లైట్లు వేశాక, చుట్టుపక్కల నలుగురికీ ఒక్కో పెట్టె ఇచ్చింది, నీకులాగే నవ్వుతూ.

నల్ల కోటాయన ఈ విమానంలోనూ ఉన్నాడు. మొహమాటపడుతూ తీసుకుని, పూతరేకును అప్పడం అనుకుని కొరికాడు. రేకు పొడి అయి కోటు నిండా తెల్లగా రాలింది, బెల్లం పొడి టైలోకి జారింది. నీ మనవడు పకపకా నవ్వాడు. ఆయన కాసేపు చూసుకుని తనూ నవ్వి, రెండోది అడిగాడు. మడత పెట్టినట్టే నోట్లో పెట్టుకోవాలని వాడు చేసి చూపించాడు.

ఇంకో సంగతి. ఈసారి పాయింట్లు కూడబెట్టొద్దని నీ కూతురు మొగుడికి చెప్పేసింది. ఎకానమీలో పక్కపక్కన మూడు సీట్లైతే చేతిపిడులు పైకెత్తి ఇద్దర్నీ ఒళ్ళో పడుకోబెట్టుకోవచ్చట, ఈ గూళ్ళలో కాలు చాచుకోవడం తప్ప బిడ్డ చెయ్యి అందదట. అల్లుడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

చంటిదానికి మార్చిలో రెండేళ్ళు నిండుతాయి. వచ్చే సంక్రాంతికి దానికీ సీటు కొనాల్సిందే.

పెట్టెలు నాలుగు అక్కడ పోయాయి, ఎనిమిది మిగిలాయి. రెండు అల్లుడు నిన్న రాత్రే ఖాళీ చేశాడు.

నీ తమ్ముడు